గట్టున ఆడి, నడిఏట ఆగే మోటారు

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే కోనసీమ లంకల్లో రోజువారీ బతుకే మారిపోతుంది. పి.గన్నవరం వైపు ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక వాళ్లు వేసవిలో ఏటి ఇసుక మీద వేసుకున్న తాత్కాలిక దారిలో నడుస్తారు. తొలి వరదకే ఆ దారి కొట్టుకుపోతుంది. ఆ తర్వాత పిల్లలు బడికి వెళ్లాలన్నా, పురిటి మనిషిని ఆస్పత్రికి చేర్చాలన్నా, దింపిన కొబ్బరి అంబాజీపేట మార్కెట్టుకు రావాలన్నా పడవే దిక్కయిన సంవత్సరాలు ఎన్నో ఉన్నాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది. లంకల్లో చిక్కుకున్నవాళ్లను గట్టుకు చేర్చడానికి అప్పుడు తిరిగినవాటిలో రబ్బరు పడవలూ ఉన్నాయి. వాటి వెనక చెక్కకు బిగించి ఉండే చిన్న పెట్రోలు మోటారే ఈ వ్యాసానికి విషయం. ఔట్‌బోర్డ్ మోటారు అంటారు దాన్ని. ఇంజను, గేర్లు, పంకా అన్నీ ఒకే ముక్కగా ఉంటాయి. ఇద్దరు పట్టి ఎత్తితే పడవకు తగిలించవచ్చు, పని అయ్యాక విప్పి గదిలో పెట్టేయవచ్చు.

అలా గదిలో పెట్టేయడంలోనే చిక్కు మొదలవుతుంది.

ఈ మోటార్లతో పని చేసినవాళ్లందరికీ తెలిసిన బాధ ఒకటుంది. గట్టున తాడు లాగితే స్టార్టవుతుంది. చక్కగా ఆడుతుంది. మనుషులను ఎక్కించుకుని, గేరు వేసి, నడిఏటికి వెళ్లి, సరిగ్గా ప్రవాహం బలంగా లాగే చోట రైజ్ చేయగానే మొరాయించి ఆగిపోతుంది. మళ్లీ గట్టుకు లాక్కొచ్చి చూస్తే మామూలుగానే స్టార్టవుతుంది. మోటారు మంచిదే, నడిపేవాడికే చేతకాలేదని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు చాలాసార్లు తప్పు.

కారణం లెక్క వేస్తే కనబడుతుంది. 40 హార్స్‌పవర్ల టూస్ట్రోక్ మోటారు పూర్తి వేగంతో నడిస్తే గంటకు 15 లీటర్లు, ఒక్కోసారి అంతకు మించి పెట్రోలు తాగుతుంది. అంటే నిమిషానికి పావు లీటరు. అదే మోటారు గట్టున గేరు లేకుండా ఊరికే ఆడుతున్నప్పుడు గంటకు ఒకటి రెండు లీటర్లతో సరిపెట్టుకుంటుంది. ఫిల్టరు ముప్పాతిక వంతు పూడిపోయినా, పైపులో ఎక్కడో సన్నని చీలిక ఉన్నా, ఆ ఒకటి రెండు లీటర్లు ఎలాగో వచ్చి చేరతాయి. నిమిషానికి పావు లీటరు మాత్రం రాదు. పైగా కార్బొరేటర్ గిన్నెలో కొద్దిపాటి పెట్రోలు ఎప్పుడూ నిలవ ఉంటుంది. సరఫరా పూర్తిగా ఆగిపోయినా ఆ నిలవతోనే మోటారు కాసేపు ఆడుతుంది. ఊరికే ఆడుతుంటే కొన్ని నిమిషాలు, పూర్తి వేగంలో అయితే కొన్ని సెకన్లు. అందుకే గట్టు మీద చేసిన పరీక్షను నమ్మడానికి లేదు. లోపం ఉన్నా అక్కడ బయటపడదు.

నడిఏట్లో మోటారు ఆగిన పడవకు దిశ ఉండదు, ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోవాల్సిందే. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ ఒకటి నిర్మాణంలో ఉన్న వంతెన దిమ్మెకు తగిలి తిరగబడి, బడిపిల్లలు సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. వరద నీటికీ అడ్డంగా ఉన్న దిమ్మెకూ మధ్య పడవ పడితే ఏమవుతుందో కోనసీమకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి మోటారు ఆగిన క్షణాన చేయాల్సిన మొదటి పని మూత విప్పడం కాదు. లంగరు వేయాలి. అది దొరక్కపోతే గెడో తెడ్డో పట్టుకుని పడవ ముక్కును ప్రవాహానికి ఎదురుగా ఉంచాలి. ఆ తర్వాతే మోటారు సంగతి.

ఇప్పుడు పెట్రోలు దారి చూద్దాం. పడవ అడుగున ట్యాంకు ఉంటుంది. దాని మూత మీద చిన్న గాలి స్క్రూ, లోపల అడుగుదాకా దిగిన గొట్టం, ఆ గొట్టం కొనకు జల్లెడ. ట్యాంకు నుంచి రబ్బరు హోస్ బయలుదేరుతుంది. హోస్ మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో చేతికి సరిపోయే రబ్బరు బల్బు. హోస్ చివర చప్పున తగిలించి తీసేసే కనెక్టరు. అక్కడ నుంచి మోటారు మూత కిందకు వెళ్తే చిన్న ఫిల్టరు, పల్చని పొరతో పనిచేసే పంపు, చివరికి కార్బొరేటర్. ఈ దారిలో ఏదో ఒక చోట పెట్రోలు ఆగుతోంది, లేదా గాలి దూరుతోంది. ఏ చోటో కనిపెట్టడమే మన పని.

తొలినాటి ఔట్‌బోర్డ్ మోటార్లకు ఇంత దారి లేదు. 1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ అనే నార్వే వలసదారు ఈ మోటార్లను అమ్మకానికి తెచ్చాడు. ఆ కాలంలో ట్యాంకు మోటారుకే అంటుకుని పైన ఉండేది. పెట్రోలు తన బరువుతో తానే కిందికి దిగేది. ఈనాటికీ రెండు మూడు హార్స్‌పవర్ల బుల్లి మోటార్లది అదే పద్ధతి. మోటార్లు పెద్దవై పెట్రోలు ఎక్కువ కావాల్సి వచ్చాక ట్యాంకు పడవ అడుగుకు దిగింది. దాంతో పెట్రోలును కింద నుంచి పైకి లాగాల్సి వచ్చింది.

ఈ తేడా మన మెకానిక్కులకు చాలా ముఖ్యం. అంబాజీపేటలో గానీ, అమలాపురంలో గానీ, కొత్తపేటలో గానీ పడవ మోటారు పాడైతే చాలామంది తీసుకెళ్లేది బైకు మెకానిక్కు దగ్గరికే. ఆయనకు కార్బొరేటర్ బాగా తెలుసు. కానీ బైకు ట్యాంకు పైన ఉంటుంది. అక్కడ పైపులో చీలిక వస్తే పెట్రోలు బయటికి కారుతుంది, కంటికి కనబడుతుంది, వాసన వస్తుంది. పడవలో అలా కాదు. పంపు లాగుతున్నప్పుడు హోస్ లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికన్నా తక్కువ. చీలిక ఉంటే పెట్రోలు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. బోండంలో వేసిన స్ట్రాకు పైన సన్నని చీలిక ఉంటే ఎంత పీల్చినా గాలే వస్తుంది తప్ప నీళ్లు రావు కదా, ఇదీ అంతే. చుక్క కారదు, వాసన రాదు, చూసేవాడికి హోస్ అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది. దాంతో తప్పు కార్బొరేటర్ మీదికి పోతుంది. దాన్ని విప్పి, కడిగి, బిగించి పంపుతారు. మోటారు మళ్లీ నడిఏట్లోనే ఆగుతుంది. కార్బొరేటర్ విప్పడం చివరి పని కావాలి, మొదటిది కాదు.

మరి మొదట ఏం చూడాలి? పెట్రోలు సంగతికి పోకముందే రెండు విషయాలు తేల్చుకోవాలి. నడిపేవాడి చేతికి కట్టుకునే ఎర్రతాడు క్లిప్పు మోటారుకు సరిగా తగిలి ఉందా? అది ఊడితే మోటారు ఆగిపోయేలాగే తయారు చేశారు, చాలా కంగారు అక్కడే తీరిపోతుంది. రెండోది, ప్లగ్గు. కాసేపు తాడు లాగాక ప్లగ్గు విప్పి చూస్తే పొడిగా ఉందంటే పెట్రోలు సిలిండరుదాకా రావడం లేదు. తడిసి ముద్దగా ఉందంటే పెట్రోలు వస్తోంది, కాకపోతే ఎక్కువగా వస్తోంది లేదా నిప్పు రవ్వ పుట్టడం లేదు. ఈ ఒక్క పరిశీలనతో వెతకాల్సిన దారి సగానికి సగం తగ్గిపోతుంది. ఒక జాగ్రత్త: పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున పేరుకుని ఉంటుంది. ప్లగ్గు బయటపెట్టి రవ్వ వస్తోందా అని అక్కడే తాడు లాగడం, పక్కన బీడీ వెలిగించడం ప్రాణాల మీదికి తెస్తాయి.

ప్లగ్గు పొడిగా ఉంటే ఇక బల్బు దగ్గరికి రావాలి. చూడ్డానికి రబ్బరు ముద్దలా ఉండే ఈ బల్బు నా దృష్టిలో పడవలోకెల్లా నమ్మదగిన పరీక్షా పరికరం. దీనికి రెండు చివరలా ఒక్కొక్క కవాటం ఉంటుంది. రెండూ మోటారు వైపే తెరుచుకుంటాయి. పైన బాణం గుర్తు ఉంటుంది, అది మోటారు వైపు చూపాలి. బల్బును అడ్డంగా కాక, బాణం ఆకాశం వైపు ఉండేలా నిలబెట్టి పట్టుకుని నొక్కాలి. అప్పుడు కవాటాలు తమ బరువుతో సరిగా కూర్చుంటాయి. మొదట మెత్తగా ఉంటుంది. నొక్కుతూ పోతే పెట్రోలు ముందుకు పోయి ఫిల్టరు, పంపు దాటి కార్బొరేటర్ గిన్నెలోకి చేరుతుంది. గిన్నె నిండగానే లోపలి తేలుడు బిళ్ల పైకి లేచి సూదిని మూసేస్తుంది. ఆ క్షణాన బల్బు చేతిలో గట్టిపడుతుంది, ఇక నొక్కినా లొంగదు. మెత్తగా మొదలై, నొక్కినకొద్దీ ఇలా గట్టిపడిందంటే ట్యాంకు నుంచి గిన్నెదాకా దారి కొంతైనా తెరిచి ఉందని, సూది సరిగా మూసుకుందని ఒకేసారి తెలుస్తుంది.

ఎంత నొక్కినా గట్టిపడకపోతే? చేతికి వచ్చే స్పర్శను బట్టే సగం చెప్పవచ్చు. నొక్కినప్పుడు లోపల పెట్రోలు లేనట్టు తేలిగ్గా నలిగిపోతుంటే ట్యాంకు ఖాళీ అయి ఉండాలి, లేదా ట్యాంకుకూ బల్బుకూ మధ్య గాలి పట్టి ఉండాలి, లేదా బల్బు కవాటమే పోయి ఉండాలి. లోపల నిండుగా పెట్రోలు ఉన్నట్టు తెలుస్తున్నా గట్టిపడటం లేదు, కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతోంది అంటే సూది కింద చెత్త పడింది లేదా తేలుడు బిళ్ల ఇరుక్కుంది. మన మెకానిక్కులు ఓవర్ అవుతోంది అంటారే, అదే. గిన్నె మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా రెండు దెబ్బలు వేస్తే ఒక్కోసారి సూది సర్దుకుంటుంది.

బల్బు అసలు విలువ మోటారు నడుస్తున్నప్పుడు తెలుస్తుంది. నడిచేటప్పుడు అది కాస్త మెత్తబడటం మామూలే. రైజ్ చేసినకొద్దీ రెండు పక్కలూ లోపలికి పీక్కుపోయి చదునుగా అయిపోతుంటే మాత్రం అడ్డు బల్బుకు వెనక, అంటే ట్యాంకు వైపు ఉంది. పంపు లాగుతోంది, వెనక నుంచి రావడం లేదు. వెంటనే ట్యాంకు మూత మీది గాలి స్క్రూ చూడండి. ట్యాంకులో నుంచి పెట్రోలు పోయినంత మేర గాలి లోపలికి రావాలి. పెట్రోలును పైకి నెట్టేది ఆ గాలి ఒత్తిడే, పంపు చేసేది దానికి దారి ఇవ్వడం మాత్రమే. స్క్రూ మూసి ఉంటే ట్యాంకులో శూన్యం పెరిగి కాసేపటికి పెట్రోలు కదలదు. మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి పోయిన శబ్దం వస్తే ఇదే కారణం. పడవను బండి మీద వేసుకొచ్చేటప్పుడు పెట్రోలు తొణక్కుండా స్క్రూ బిగిస్తారు, రేవులో దింపాక తెరవడం మరిచిపోతారు. లోకమంతటా ఔట్‌బోర్డ్ మోటార్లు ఆగడానికి ఉన్న కారణాల్లో ఇంత చిన్నదీ, ఇంత తరచుగా ఎదురయ్యేదీ మరొకటి లేదేమో. కొన్ని ట్యాంకుల్లో ఈ రంధ్రాన్ని కందిరీగ మట్టితో కూడా పూడ్చేస్తుంది. ఏడాదిలో తొమ్మిది పది నెలలు మూల పడి ఉండే ట్యాంకుకు ఇది వింతేమీ కాదు.

స్క్రూ తెరిచే ఉన్నా బల్బు పీక్కుపోతుంటే ట్యాంకు అడుగు జల్లెడ చూడాలి. అదీ బాగుంటే హోస్‌ను అనుమానించాలి. పైకి నిగనిగలాడుతున్న హోస్ లోపలి పొర ఊడి, నాలుకలా వేలాడుతూ ఉండవచ్చు. చేత్తో బల్బు నొక్కినప్పుడు పెట్రోలు బాగానే పోతుంది. పంపు బలంగా లాగినప్పుడే ఆ పొర అడ్డంగా పడి దారి మూసేస్తుంది. ఇలాంటి హోస్‌ను బాగుచేయడానికి ఉండదు, మార్చాల్సిందే.

బల్బు పీక్కుపోవడం లేదు, మెత్తగానే ఉంది, మోటారు మాత్రం చచ్చిపోతోంది అనుకుందాం. అప్పుడు ఒకరు మోటారు పట్టుకుని, మరొకరు బల్బును ఆగకుండా నొక్కుతూ ఉండాలి. నొక్కగానే మోటారు పుంజుకుంటే రెండే కారణాలు: పంపు బలహీనపడింది, లేదా లాగుడు దారిలో గాలి దూరుతోంది. రెంటినీ విడదీయడం తేలిక. మోటారు ఆపి, బల్బును గట్టిపడేదాకా నొక్కి అలాగే ఒత్తి పట్టుకుని హోస్ పొడవునా తడిమి చూడాలి. ఇప్పుడు లోపలి ఒత్తిడి బయటికన్నా ఎక్కువైంది కాబట్టి ఇంతసేపూ గాలిని లోపలికి పీల్చిన చీలికే పెట్రోలును బయటికి చెమర్చుతుంది. ముఖ్యంగా బల్బు నుంచి ముందుకు ఉన్న జాయింట్లు, కనెక్టరు లోపలి ఓ-రింగు చూడాలి. ఆ రింగు అరిగి, ఎండిపోయి ఉంటుంది. దాని ఖరీదు అతి స్వల్పం. బల్బుకు వెనక ఉన్న చీలిక ఈ ఒత్తిడికి దొరకదు. దానికి వేరే హోస్, వేరే ట్యాంకు తగిలించి చూడటమే దగ్గర దారి. ఎక్కడా చెమర్చలేదు, కొత్త హోస్ వేసినా మార్పు లేదు అంటే పంపు లోపలి పొర పోయింది. టూస్ట్రోక్ మోటార్లలో ఈ పంపుకు వేరే యంత్రాంగమేమీ ఉండదు. పిస్టన్ కిందికీ పైకీ కదిలినప్పుడు క్రాంక్‌కేసులో పుట్టే ఒత్తిడి మార్పులే ఆ పల్చని పొరను ఆడిస్తాయి. పొర బిరుసెక్కితే, దానికి సూదిమొన అంత చిల్లు పడితే పంపు పని ఆగుతుంది.

బల్బు నొక్కి గట్టిగా ఉంచినా మోటారుకు చాలడం లేదంటే అడ్డు బల్బుకు ముందు, అంటే మోటారు వైపు ఉంది. ఫిల్టరు మారిస్తే సరిపోవచ్చు. అదీ కాకపోతే, అప్పుడు కార్బొరేటర్. ఇందులో పెట్రోలును కొలిచి పంపేవి ఇత్తడి జెట్‌లు. ఊరికే ఆడేటప్పుడు పని చేసే జెట్ రంధ్రం చాలా సన్నం. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే అటువైపు చుక్క కనబడాలి. జిగురు పేరుకుంటే కనబడదు. ఊరికే ఆడటంలో ఆగిపోతూ, రైజ్ చేస్తే మాత్రం బాగా నడుస్తోందంటే ఈ చిన్న జెట్ మూసుకుంది. ఊరికే బాగా ఆడి, రైజ్ చేస్తే కూలబడుతుంటే పెద్ద జెట్‌నో, అంతకు ముందున్న సరఫరానో చూడాలి. చోక్ సగం లాగి ఉంచితేనే నడుస్తోందంటే పెట్రోలు చాలడం లేదని మోటారే చెబుతున్నట్టు. జెట్‌ను గుండుసూదితోనో తీగతోనో పొడిచి శుభ్రం చేసే అలవాటు మన దగ్గర ఉంది. ఇత్తడి మెత్తన, రంధ్రం గీసుకుపోయి పెద్దదవుతుంది. ఆ తర్వాత ఆ మోటారు ఎప్పటికీ సరైన కొలత ఇవ్వదు. కార్బ్ క్లీనరు కొట్టి, గాలి పట్టి ఊదడమే పద్ధతి.

ఇక్కడ మరో మాట చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ కార్బొరేటర్ వదిలేసి ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఇప్పుడు పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల చేతికి కార్బొరేటర్ పెద్దగా తగలడం లేదు. జెట్‌ను చూసి జబ్బు చెప్పగల పెద్ద మెకానిక్కులు ఊళ్లో ఉండగానే పడవలు నడిపేవాళ్లు వాళ్ల దగ్గర ఈ పని నేర్చుకోవడం మంచిది.

జెట్‌ను మూసేసే ఆ జిగురు ఎక్కడి నుంచి వస్తుంది? పెట్రోలు నుంచే. పెట్రోలు ఒకే పదార్థం కాదు, వందలాది హైడ్రోకార్బన్‌ల మిశ్రమం. నిలవ ఉంటే అందులో తేలికవి ముందు ఆవిరైపోతాయి. స్టార్టవడానికి కావాల్సినవి అవే. మిగిలినవాటిలో కొన్ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గోధుమరంగు బంకగా మారతాయి. ట్యాంకులో లీటర్ల కొద్దీ ఉన్నప్పుడు ఈ మార్పు నెమ్మది. కార్బొరేటర్ గిన్నెలో ఉండేది కొంచెమే కాబట్టి అక్కడ కొన్ని వారాల్లోనే ఎండి వార్నిష్‌లా పట్టుకుంటుంది. అక్టోబరులో వరద పని అయిపోయిందని మోటారును అలాగే మూల పెడితే, మళ్లీ జూలైలో తాడు లాగేనాటికి జెట్‌లు మూసుకుపోయి ఉండటంలో ఆశ్చర్యం లేదు.

దీనికి ఇప్పుడు ఇథనాల్ తోడైంది. దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతా వ్యాపించింది. విదేశీ చమురు తగ్గించుకోవడానికి ఇది మంచి మార్గమే, దాన్ని తప్పుపట్టడం లేదు. రోజూ తిరిగే బైకులో పెట్రోలు వారంలో ఖర్చయిపోతుంది కాబట్టి నిలవ సమస్య ఉండదు. ఏడాదికి రెండు నెలలు నడిచే పడవ మోటారు సంగతి వేరు. ఇథనాల్‌కు నీళ్లంటే ఇష్టం. కోనసీమ గాలిలో తేమకు కొరత లేదు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి గాలి స్క్రూ గుండా పగలూ రాత్రీ తేమ గాలి వచ్చి పోతూ ఉంటుంది. వానలో మూత తీసినప్పుడు నాలుగు చుక్కలు పడతాయి. మామూలు పెట్రోలులో ఆ నీళ్లు అడుగున విడిగా పడి ఉండేవి. ఇథనాల్ కలిసిన పెట్రోలు వాటిని తనలో కలిపేసుకుంటుంది. దానికీ ఒక హద్దుంది. 10 శాతం ఇథనాల్ ఉన్నప్పుడు లీటరుకు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక చెంచాడు నీళ్లు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగిపోతాయి. 20 శాతం ఉంటే ఇంకాస్త నీటిని ఓర్చుకుంటుంది. ఒకసారి విడిపోయిందంటే మాత్రం అడుగున చేరే పొర ఇంకా పెద్దది. ట్యాంకులో గొట్టం లాగేది ఎక్కడి నుంచి? అడుగు నుంచే. మోటారుకు ముందు అందేది సరిగా మండని ఆ పొరే.

టూస్ట్రోక్ మోటారుకు ఇది రెండు విధాల ప్రమాదం. ఈ మోటార్లకు ఇంజనాయిలు వేరే ఉండదు. చాలావాటిలో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల చొప్పున, అంటే 50కి 1 పాళ్లలో, ఔట్‌బోర్డ్‌లకు పనికొచ్చే టూస్ట్రోక్ ఆయిలు కలుపుతారు. పిస్టన్‌కు తడి అందేది ఆ ఆయిలు వల్లే. విడిపోయిన ట్యాంకులో ఆయిలు పై పొరలోని పెట్రోలుతో ఉండిపోతుంది, కింది పొరలో ఉండదు. అలాగే ఏ కారణంగా పెట్రోలు తగ్గినా దానితోపాటు ఆయిలూ తగ్గుతుంది, పైగా పల్చని మిశ్రమంతో సిలిండరు వేడెక్కుతుంది. కాబట్టి పెట్రోలు చాలక నీరసంగా నడుస్తున్న మోటారును ఎలాగోలా రేవు చేరేదాకా అని పూర్తి వేగంలో లాగిస్తే పిస్టన్ పట్టేయవచ్చు. వేగం తగ్గించి, బల్బు నొక్కుతూ దగ్గరి గట్టుకు చేరడం మంచిది.

పెట్రోలును పరీక్షించడానికి లేబొరేటరీ అక్కర్లేదు. ట్యాంకు అడుగు నుంచి కొంచెం తీసి తెల్లని గాజు సీసాలో పోసి, ఓ పావుగంట కదపకుండా వెలుతురులో పెట్టండి. అడుగున వేరే పొర కనబడితే, లేదా మొత్తం మసకగా మబ్బుగా ఉంటే ఆ ట్యాంకును వాడకూడదు. పుల్లని వాసన వస్తే పెట్రోలు నిలవ వల్ల పాడైపోయినట్టే. దాన్ని కొత్త పెట్రోలులో కలిపి సరిపెట్టుకోవాలని చూడొద్దు. ఏట్లోనో కాలువలోనో పారబోయడం మరీ పాపం, ఆ నీళ్లే మన పొలాలకూ గొంతులకూ పోతాయి. ఊళ్లో గ్యారేజీ వాళ్లకు ఇచ్చేయండి.

లంకల రేవుల్లోనూ, అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రంలోనూ తిరిగే చాలా పడవలకు డీజిలు ఇంజన్లు ఉంటాయి. వాటికి ప్లగ్గూ కార్బొరేటరూ లేవు, కానీ గాలి పట్టే జబ్బు వాటికి ఇంకా ఎక్కువ. ఆయిలింజనుతో పొలం తడిపిన ప్రతి రైతుకూ ఎయిర్ తీయడం తెలుసు. ఇంజెక్షన్ పంపు దగ్గరి స్క్రూ వదులు చేసి, నురగ పోయి డీజిలు ధారగా వచ్చేదాకా చేతిపంపు కొట్టి, స్క్రూ బిగిస్తారు. ఆ తెలివిడి ఉన్న చేతులకు పెట్రోలు మోటారు బల్బు కొత్త విద్యేమీ కాదు.

వరద పని అయిపోయాక మోటారును మూలపెట్టే ముందు చేయాల్సింది కాసింతే. నీళ్లలో మోటారు ఆడుతుండగానే హోస్ కనెక్టరు తీసేసి, గిన్నెలోని పెట్రోలు అయిపోయి అదే ఆగిపోయేదాకా వదిలేయాలి. గిన్నె అడుగు స్క్రూ విప్పి మిగిలిన చుక్కలూ వంచేయాలి. ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టాలి. అలా తీసిన పెట్రోలులో ఆయిలు కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని కొత్త బైకుల్లో పోయకూడదు. ఏ పని చేసినా మోటారును నీళ్లు లేకుండా పొడిగా మాత్రం ఆడించొద్దు. చల్లబరిచే నీటిపంపులోని రబ్బరు రెక్కలు కొద్ది సేపట్లోనే కాలిపోతాయి.

లంకల్లో పడవలు నడిపే సరంగులకు, సాయానికి దిగే కుర్రాళ్లకు, పడవలను భద్రపరిచే పంచాయతీలకు, సిబ్బందికి నా విన్నపం ఒకటే. జూలై దాకా ఆగకండి. జూన్‌లోనే ఒక రోజు పెట్టుకుని, కొత్త పెట్రోలు పోసి, మోటారును డ్రమ్ములో కాకుండా ఏట్లో దించి, నలుగురిని ఎక్కించుకుని, లైఫ్ జాకెట్లు వేసుకుని, పావుగంట పాటు పూర్తి వేగంతో నడిపి చూడండి. ఆ పావుగంటా ఒకరి చెయ్యి బల్బు మీదే ఉండాలి. బల్బుతో కూడిన హోస్ ఒకటి, కనెక్టరు ఓ-రింగులు రెండు, ఫిల్టరు, ప్లగ్గులు, ప్లగ్గు పానా ఒక డబ్బాలో వేసి పడవలోనే ఉంచండి. లంగరు తాడు సరిపడా పొడవుందో లేదో అప్పుడే కొలిచి పెట్టుకోండి.